విహారయాత్రలో మొదటి రోజు

పదవీ విరమణ తరువాత బాటసింగారంలో ఇల్లు కట్టుకున్నప్పటి నుంచి మాకు బంధువుల రాకపోకలు ఎక్కువయ్యాయి. వచ్చిన వారందరూ మమ్మల్ని చూసి పోదామనే వచ్చామంటారు. విజయవాడ రహదారి మీద మా ఇంటికి దగ్గరలోనే రామోజీ ఫిల్మ్ సిటీ ఉండడం కూడా అందుకొక కారణమని మా దంపతులకు తెలుసు. 1996లో ఏర్పడిన ఆ చిత్రనగరి, ప్రపంచంలోకెల్లా పెద్ద చలనచిత్ర నిర్మాణ ప్రాంగణంగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. విస్తీర్ణం 1,666 ఎకరాలని అందులో వ్రాసారు. వేసవి సెలవులలో దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మీదుగా పిల్లలతో, టోపీలతో, నల్లకళ్ళద్దాలతో కిక్కిరిసిన వాహనాలు ఒక వంకా, 2021లో గడ్డిఅన్నారం నుంచి మా ఊరికి తరలివచ్చిన పండ్ల మార్కెట్టుకు పోయే మామిడికాయల లారీలు మరొక వంకా ఆ రహదారిని ఆక్రమించుకుంటాయి. కాయలను గడ్డి పరచి, నీడ చూసి జాగ్రత్తగా దింపుకుంటారు. మనుషుల విషయంలో అంత శ్రద్ధ కనబడదు.

మా ఇంట దిగిన బంధువులలో విహారయాత్రలో జబ్బు పడిన వారు దాదాపు అందరూ మొదటి రోజునే పడ్డారు. ఇది యాదృచ్ఛికం కాదని చెప్పడానికి శరీరధర్మశాస్త్రంలో తగిన ఆధారం ఉంది.

ఎండకు శరీరం అలవాటు పడడానికి ఏడు నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ వ్యవధిలో రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది. చెమట పెందలకడనే మొదలై ఎక్కువగా పడుతుంది, అయితే దానిలో ఉప్పు తగ్గుతుంది. అదే శ్రమకు గుండె మునుపటి కంటె నెమ్మదిగా కొట్టుకుంటుంది. పొలాలలో పనిచేసేవారు మార్చి నుంచే ఎండలో తిరుగుతూ ఈ మార్పులు సంతరించుకుంటారు. బెంగుళూరులో చల్లని గదులలో గడిపి, రాత్రి బస్సెక్కి, తెల్లవారి మన ఊళ్ళో దిగినవారికి ఆ అవకాశం లేదు. పైగా వారు ఆ రాత్రి సరిగా నిద్రపోరు. ఉదయం హడావిడిలో ఫలాహారం సగమే తింటారు. కొన్న టిక్కెట్టుకు తగిన ఫలం దక్కాలని పొద్దున్న నుంచి చీకటి పడేదాకా తిరుగుతారు. అంటే, శరీరం ఏ రోజు అతి తక్కువ సన్నద్ధంగా ఉంటుందో ఆ రోజే దాని చేత అతి ఎక్కువ పని చేయిస్తారు.

వార్తలలో చెప్పే ఉష్ణోగ్రత గురించి కూడా ఒక మాట. వాతావరణ శాఖవారు ఉష్ణమాపకాన్ని గాలి ఆడే తెల్లని పెట్టెలో, నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున ఉంచి కొలుస్తారు. వారు చెప్పే 41 డిగ్రీలు నీడలోని 41 డిగ్రీలు. ఎండలో, సిమెంటు బాటల మీద, రాతి గుట్టల మధ్య నడిచేవారికి తగిలే వేడి అంతకంటె ఎక్కువ. అందులోనూ ఆరేళ్ళ పిల్లవాడి ముఖం నేలకు చాలా దగ్గరగా ఉంటుంది.

వినోదవనాలకూ మొదటి రోజుకూ ఉన్న సంబంధం ప్రస్తావించినప్పుడు నాకు డిస్నీలాండ్ గుర్తుకు వస్తుంది. కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌లో 1955 జులై 17న దానిని ప్రారంభించారు. ఆనాడు ఎండ 38 డిగ్రీల ప్రాంతంలో ఉంది. కొత్తగా పోసిన తారు మెత్తబడి స్త్రీల పాదరక్షల మడమలు అందులో దిగబడ్డాయి. పిలిచినవారి కంటె ఎంతో ఎక్కువమంది వచ్చారు. అంతకు ముందు జరిగిన కుళాయి పనివారి సమ్మె వలన మరుగుదొడ్లు, మంచినీటి కుళాయిలు రెండూ సిద్ధం చేయడానికి వ్యవధి చాలక, వాల్ట్ డిస్నీ మరుగుదొడ్లను ఎంచుకున్నాడు. దాహానికి నీళ్ళు లేవని జనం ఆయనను తిట్టుకున్నారట. నాకు మాత్రం ఆ నిర్ణయం సరైనదే అనిపిస్తుంది. మరుగుదొడ్డి దొరకదేమోనన్న సందేహం కలిగితే, ఎదుట కుళాయి ధారగా కారుతున్నా మన స్త్రీలు నీళ్ళు ముట్టరు. నాలుగు దశాబ్దాల వైద్యవృత్తిలో మూత్రాంగాల వ్యాధులకూ, మూర్ఛలకూ, వడదెబ్బకూ దారితీసిన కారణాలలో దీనిని నేను చూసినంత తరచుగా పాఠ్యపుస్తకాలు చెప్పలేదు.

రెండేళ్ళ క్రిందట మే నెలలో మా అమ్మాయి, అల్లుడు, ఇద్దరు పిల్లలు బెంగుళూరు నుంచి వచ్చారు. వారితో మా వియ్యపురాలు కూడా వచ్చింది. ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. ఉపాధ్యాయినిగా పనిచేసి విరమించింది. భర్త పోయిన తరువాత ఆమె ఇల్లు కదలడం అదే మొదలు. ఫిల్మ్ సిటీ టిక్కెట్లు అందరికీ ఆమే తన పింఛను సొమ్ముతో కొన్నది. ఈ విషయం నాకు ఆ సాయంత్రం గాని తెలియలేదు. ముందు జరిగినదంతా దాని వలన అర్థమైంది.

ఇంటికి రాగానే ఆమె మాత్రల సంచి చూపించమని అడిగాను. మధుమేహానికి గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్. రక్తపోటుకు టెల్మిసార్టన్, దానితో కలిసిన హైడ్రోక్లోరోథయజైడ్, అంటే మూత్రం ఎక్కువగా పోయించే మందు. బస్సులోనే కాఫీతో అన్నీ వేసేసుకున్నది. కూర్చున్నప్పుడు రక్తపోటు 124, నిలబెట్టి చూస్తే 102. లేచి నిలుచున్నప్పుడు పై అంకె 20 గాని అంతకంటె ఎక్కువ గాని తగ్గితే రక్తనాళాలలో తగినంత ద్రవం లేదేమోనని అనుమానించాలి. రాత్రి ఎన్ని నీళ్ళు త్రాగావమ్మా అని అడిగితే చిరునవ్వు నవ్వి ఊరుకుంది.

లవణ ద్రావణం అర లీటరు నెమ్మదిగా త్రాగించి, మా ఆవిడ చేత ఉప్మా పెట్టించి, గంటన్నర కూర్చోబెట్టి మళ్ళీ చూసాను. తేడా పది అంకెలకు తగ్గింది. ఇవాళ్టికి ఇంట్లో ఉండి విశ్రాంతి తీసుకో చెల్లెమ్మా అన్నాను. “నానమ్మ రాకపోతే నేనూ రాను” అని మనవడు ఏడుపు లంకించుకున్నాడు. ఇక ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు. అందువలన నేనూ బయలుదేరాను. నా సంచిలో ద్రావణపు పొట్లాలు, చక్కెర పరీక్ష చేసే యంత్రం, ఉష్ణమాపకం, రక్తపోటు యంత్రం ఉన్నాయి. వినోదానికి పోతూ ఈ సరంజామా ఏమిటని మా అమ్మాయి నవ్వింది.

లోపలి విశేషాలు చూసినవారికి చెప్పనక్కరలేదు. ఎర్ర బస్సులలో త్రిప్పి చూపిస్తారు. విదేశీ వీధులు, రైల్వే స్టేషను, విమానాశ్రయం, బాహుబలి కోసం కట్టిన కోట, పక్షుల ఉద్యానం. రైల్వే స్టేషను దగ్గర నా మనవరాలు రైలు ఎప్పుడు వస్తుందని అడిగింది. భోజన సమయంలో వియ్యపురాలు కారం ఎక్కువైందంటూ రెండు ముద్దలు పెరుగన్నం తిని చేయి కడుక్కుంది.

రెండు గంటలు కావస్తుండగా, పిల్లలను పోట్లాటల ప్రదర్శనకు తీసుకువెళ్ళే వేళకు, ఆమె ఒక చెట్టు క్రింద బల్ల మీద కూర్చుని, “నాకేం లేదు అన్నయ్యగారూ, కాస్త అలసటగా ఉంది, అంతే. మీరందరూ వెళ్ళి రండి, నేనిక్కడే ఉంటాను” అన్నది.

ఈ మాటలను నేను ప్రభుత్వ ఆసుపత్రుల వరండాలలో లెక్కలేనన్ని సార్లు విన్నాను. ఊరికి దూరంగా, ఎండలో, మొదటి రోజున ఒక పెద్దావిడ ఈ మాట అంటే, వెళ్ళవలసిన వారెవరూ వెళ్ళకూడదు. అల్లుడిని పిల్లలతో పంపి, మా అమ్మాయిని, నేనూ ఆగాము. నీళ్ళ సీసా ఖాళీగా ఉంది. త్రాగింది ఎవరో అప్పటికే మనవరాలు చెప్పింది: “నానమ్మ తన నీళ్ళు తమ్ముడికి ఇచ్చేసింది.”

ఆమె నుదుట చెమట చల్లగా ఉంది. పిక్కలు పట్టుకుపోతున్నాయన్నది. నాడి నిమిషానికి 112. ఉష్ణోగ్రత నోటిలో 100.6 ఫారెన్‌హీట్. ఏ వారమో, ఏ ఊళ్ళో ఉన్నామో అడిగితే తడబడకుండా చెప్పింది. రక్తంలో చక్కెర 61. అంటే రెండు ఆపదలు ఒకేసారి వచ్చాయి. ఒకటి ఎండ బడలిక, రెండవది చక్కెర పడిపోవడం. చెమట, నీరసం, గుండెదడ రెండిటికీ సమానమే. యంత్రం లేకపోతే ఎండ వలన అనుకుని ఉత్త మంచినీళ్ళు ఇచ్చి కూర్చునేవారం.

గ్లూకోజు పొడి మూడు చెంచాలు నీళ్ళలో కలిపి ఇచ్చాను. పావుగంటకు 88కి వచ్చింది. గ్లిమెపిరైడ్ పని రోజంతా సాగుతుంది కాబట్టి చక్కెర నీళ్ళతో సరిపెట్టకూడదు. వెంటనే నాలుగు బిస్కట్లు, ఒక అరటిపండు తినిపించాము. నీడలో వెల్లకిల పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తులో పెట్టి, తడి తువ్వాలుతో మెడ, చేతులు తుడుస్తూ, లవణ ద్రావణం గుక్క గుక్కగా ముప్పాతిక లీటరు పట్టించాము. నలభై నిమిషాలకు నాడి 88కి దిగింది. పిక్కలు వదిలాయి. అప్పుడామె మొదటగా అడిగినది, “పిల్లలకు చెప్పలేదు కదా?” అని.

ఆ రాత్రి మా అల్లుడు నాతో, “అమ్మ ఎప్పుడూ ఏదీ చెప్పదు మామయ్యగారూ” అన్నాడు. అది నిజమే. అయితే చెప్పనివారి గురించి తెలుసుకునే మార్గాలున్నాయి. మూత్రానికి ఎన్నిసార్లు వెళ్ళారో, దాని రంగు ఏమిటో అడగండి. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ఒక్కసారి కూడా వెళ్ళకపోయినా, ముదురు పసుపు రంగులో ఉన్నా నీరు చాలలేదన్నమాట. దాహాన్ని నమ్ముకోకండి. వయసు పైబడిన కొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. మూత్రాన్ని చిక్కబరచి నీటిని ఆదా చేసే శక్తి మూత్రపిండాలకు తగ్గుతుంది. చర్మానికి రక్తప్రసరణ పెంచి వేడిని బయటకు పంపే శక్తి కూడా తగ్గుతుంది.

లవణ ద్రావణం గురించి కాస్త వివరంగా చెప్పాలి. 1971లో తూర్పు బెంగాలు నుంచి వచ్చిన కాందిశీకుల శిబిరంలో, బన్‌గావ్‌లో, కలరా ప్రబలింది. సిరలలోకి ఎక్కించే సెలైను నిండుకుంటున్న వేళ డాక్టరు దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు, బేకింగ్ సోడా పొట్లాలు కట్టించి, నీళ్ళలో కలిపి నోటి ద్వారా పట్టించమని రోగుల బంధువులకే అప్పగించారు. ముప్పై శాతం వరకు ఉన్న మరణాలు నాలుగు శాతం లోపునకు దిగాయి. ఆయన 2022లో మరణించారు. మరుసటి సంవత్సరం మన ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. ప్రేగులలో గ్లూకోజుతో పాటు సోడియం, వాటితో పాటు నీరు లోపలికి పోతాయన్న చిన్న సూత్రం మీద ఆ మందు నిలబడింది. నేటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి సాధారణ ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు ఉండాలి. పొట్లం లేనప్పుడు లీటరు మంచినీటికి తలకొట్టిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకోవచ్చు.

దుకాణాలలో రంగు డబ్బాలలో అమ్మే తియ్యని పానీయాలు ఇవి కావు. వాటి మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడడాన్ని ఎదిరించి హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఒక్క వైద్యురాలి పట్టుదలకు ఇంత ఫలితం దక్కడం నా వంటి వృద్ధ వైద్యుడికి చాలా సంతోషం కలిగించింది. పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమని వ్రాసి ఉందో లేదో చూసి కొనండి.

మధుమేహం ఉన్నవారు లవణ ద్రావణం త్రాగవచ్చునా అని చాలామంది అడుగుతారు. లీటరులో ఉన్న గ్లూకోజు మూడు చెంచాల పాటి. నీరు కోల్పోయిన వేళ దానికి భయపడనక్కరలేదు. గుండె వైఫల్యం, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం ఎంత త్రాగవచ్చునో వారి వైద్యులను ముందే అడిగి ఉండాలి. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ కూడా మంచిదే. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదన్న నమ్మకం మా పల్లెలలో ఇంకా ఉంది. ఉల్లిపాయ వలన హాని లేదు, దానిని నమ్మి నీళ్ళు మానితేనే హాని.

మాత్రల సంగతి. మూత్రం పోయించే మందులు, టెల్మిసార్టన్ వంటి రక్తపోటు మందులు, మూత్రంలో చక్కెర పోగొట్టే డాపాగ్లిఫ్లోజిన్ వంటివి, జలుబుకు వాడే నిద్రమత్తు మందులు ఎండను తట్టుకునే శక్తిని ఒక్కొక్కటి ఒక్కొక్క రీతిలో తగ్గిస్తాయి. నా వ్యాసం చదివి ఎవరూ వాటిని మానివేయకండి. బయలుదేరడానికి వారం ముందే మీ వైద్యుని వద్దకు సంచితో వెళ్ళి, ప్రయాణపు రోజున ఏది ఎంత వేసుకోవాలో వ్రాయించుకోండి. మా వియ్యపురాలి వైద్యుడు ఆమెకు థయజైడును తీసివేసి, గ్లిమెపిరైడ్ మోతాదును తగ్గించారు. ఇన్సులిన్ వాడేవారు దానిని నిలిపి ఉంచిన కారులో వదలకండి. ఎండలో కారు లోపలి వేడికి అది చెడిపోతుంది.

ఎండ బడలిక వడదెబ్బగా మారిందని తెలిపేది మెదడు. మాట తడబడడం, తికమక, మగత, మూర్ఛ, వీటితో పాటు శరీర ఉష్ణోగ్రత 104 ఫారెన్‌హీట్‌కు చేరడం. అప్పుడు నోటి ద్వారా ఏమీ పోయకూడదు. పారసిటమాల్ పనిచేయదు. 108కి ఫోను చేసి, ఆ వాహనం వచ్చేలోపల నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ విసరాలి. 2003 వేసవిలో మన రాష్ట్రంలో వేయి మందికి పైగా వడదెబ్బకు బలి అయ్యారు. అప్పటికి 108 సేవ లేదు, అది 2005 ఆగస్టులో వచ్చింది. ఆ వేసవి మా ఆసుపత్రికి ఎడ్లబండ్ల మీద, ఆటోలలో వచ్చినవారిలో చాలామంది వచ్చేసరికే ఆలస్యమైపోయింది. దారిలో ఒక్క కడివెడు నీళ్ళు ఒంటి మీద పోసి ఉంటే బ్రతికేవారు కొందరున్నారు.

గిరగిర తిరిగే యంత్రాల గురించి కొద్దిగానే చెబుతాను. గర్భవతులు, గుండెజబ్బు ఉన్నవారు, మెడ, నడుము డిస్కుల బాధ ఉన్నవారు, ఈ మధ్య కంటి రెటీనాకు చికిత్స చేయించుకున్నవారు ఎక్కకూడదు. బోర్డు మీద వ్రాసినది మన కోసమే వ్రాసారు. ఎక్కదలచినవారు కడుపు నిండా తిని ఎక్కకండి. ఆ యంత్రాల వలన ఒక మేలు కూడా లేకపోలేదు. అమెరికాలో డేవిడ్ వార్టింగర్ అనే వైద్యుడు మూత్రపిండం నమూనా తయారు చేసి, అందులో రాళ్ళు పెట్టి, ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డులో రోలర్ కోస్టరు ఎక్కించాడు. వెనుక సీట్లలో సుమారు 64 శాతం సార్లు రాళ్ళు కదలి బయటపడ్డాయి. ముందు సీట్లలో 17 శాతం. 2018లో ఆయనకు నవ్వించి ఆలోచింపజేసే ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. రాళ్ళున్నవారు ఫిల్మ్ సిటీకి పరుగెత్తవద్దని మనవి.

చివరగా పాదాలు. ఆ రాత్రి మా వియ్యపురాలి పాదాలు చూపించమన్నాను. మొదట సిగ్గుపడింది. యాత్ర కోసమని కొత్త చెప్పులు కొనుక్కుని ఆ ఉదయమే మొదటిసారి వేసుకున్నది. కుడి పాదం చిటికెన వ్రేలి మొదట రూపాయి బిళ్ళంత బొబ్బ. ఆమెకు దాని సంగతే తెలియదు. పదిహేనేళ్ళ మధుమేహం పాదాల నాడులను మొద్దుబరచింది. మనకైతే నొప్పి పుట్టి ఆగిపోయే చోట ఆమె రోజంతా నడిచింది. ఇటువంటివారు కొత్త పాదరక్షలను ఇంట్లో రోజుకు గంట చొప్పున రెండు వారాలు వాడి, ఆ తరువాతనే ప్రయాణానికి వేసుకోవాలి. రోజూ రాత్రి అరికాళ్ళు అద్దంలోనైనా చూసుకోవాలి. బొబ్బను చిదపకూడదు. మూడవ నాడు దగ్గరలోని సంఘీ గుడికి వెళ్తామంటే సూర్యోదయానికే పంపాను. ఎండెక్కిన తరువాత రాతిమెట్ల మీద చెప్పులు లేకుండా నడిచి, కాలిన సంగతి ఇంటికి వచ్చాక రక్తం చూసి తెలుసుకున్నవారికి నేను కట్లు కట్టాను. ఆమె మెట్లెక్కకుండా క్రింద నుంచే దణ్ణం పెట్టుకున్నది. ఆ బొబ్బ మానడానికి ఐదు వారాలు పట్టింది.